రేటు తగ్గేదాకా ఆగని మనిషి

మొన్న ఆఫీసు క్యాంటీన్‌లో మధ్యాహ్నం భోజనం చేస్తుంటే పక్కనున్నతను ఫోన్ ఎత్తి అందరికీ చూపించాడు. పేరున్న వీడియో గేమ్ ఒకటి పావు ధరకే పెట్టారట. టేబుల్ చుట్టూ ఐదుగురం ఉన్నాం. నలుగురు అన్నం కలుపుతూనే ఎడమచేత్తో కొనేశారు. "ఎప్పుడు ఆడతానో తెలీదు, పడుంటుందిలే" అన్నాడొకడు. ఇంకొకతను నవ్వుతూ, "వచ్చిన మొదటి రోజే దీన్ని నాలుగు వేలు పోసి కొన్నోళ్లు ఉంటారు చూడు, వాళ్ల మొహాలు చూడాలి ఇప్పుడు" అన్నాడు.

"మా చిన్నత్త కొన్నది" అన్నాను.

నేను హాస్యమాడాననుకుని అందరూ నవ్వారు. చిన్నత్త పోయి అప్పటికి పద్నాలుగు నెలలు.

చిన్నత్త మా నాన్నకు చెల్లెలు. నాన్నను మేమంతా బాపు అంటాం. పాతబస్తీ శాలిబండలో ఒక చిన్న గుడికి మా వాళ్లు మూడు తరాలుగా అర్చకులు. ఇప్పుడు బాపు. చిన్నత్త సర్కారు ఆఫీసులో టైపిస్టు. పెళ్లెందుకు చేసుకోలేదన్నది ఆమె ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పను. సన్నటి మనిషి. ఏ పని మొదలుపెట్టినా ముందు పదివేళ్లకూ ఒక్కొక్కటిగా మెటికలు విరుచుకునేది. బియ్యం ఏరడానికి కూర్చున్నా అంతే, ఆఫీసులో ఉత్తరం కొట్టడానికి కూర్చున్నా అంతే. ఆ చప్పుడు వింటే ఇంట్లో అందరికీ అర్థమయ్యేది, ఇక ఆమెను కదిలించకూడదని.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో ఒక సెకండ్‌హ్యాండ్ గేమ్ డబ్బా కొన్నాను. నెల తిరక్కముందే నన్ను ఆరు నెలల ట్రైనింగ్‌కు బెంగళూరు పంపారు. డబ్బాను మధ్య గదిలో టీవీ కింద వదిలేసి వెళ్లాను. తిరిగొచ్చింది ఒక ఆదివారం మధ్యాహ్నం. వచ్చేసరికి చిన్నత్త చాప మీద కాళ్లు చాపుకుని, కొంగు నడుముకు చుట్టుకుని, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని కూర్చుంది. చేతిలో కంట్రోలర్ ఉంది. టీవీలో మంచు కురుస్తోంది.

"ఎప్పటిసంది ఆడుతున్నవ్ అత్తా?"

"దుమ్ము తుడుస్తుంటె బటన్ ఒత్తుకున్నది. గుర్రం కనబడ్డది. నువ్వు దానికి నీళ్లు తాపినవా లేదా అని చూస్తున్న."

ఉత్తరాలు మోసే ఒక రౌతు కథ ఆ ఆట. కొండల దేశం, ఊరి నుంచి ఊరికి గుర్రం మీద ప్రయాణం. నేను రెండో ఊరి దగ్గరే విసుగొచ్చి వదిలేశాను. ఆమె నాలుగు కనుమలు దాటించింది. ఆ ఆటలో గుర్రానికి నీళ్లు తాగించాలన్న నియమమేమీ లేదు. అయినా వాగు కనబడితే చాలు, ఆపేది. గుర్రం మెడ వంచితే తృప్తిగా తలూపేది. ఒక బటన్ నొక్కితే నేరుగా అవతలి ఊరు చేరిపోవచ్చని నేను చూపించాను.

"మధ్యల ఉన్న ఊర్లు ఏం పాపం జేసినయ్ రా?" అంది.

ఆటలోని దుకాణదారులతో ఆమె బజారులో మాట్లాడినట్టు ఉర్దూలో మాట్లాడేది, ముసలమ్మలతో తెలుగులో. వాళ్లు ఇంగ్లీషులో చెప్పేది వాళ్లు చెప్పుకుంటూ పోయేవాళ్లు. తెలియని మాటలను ఆఫీసు నుంచి తెచ్చిన చిత్తు కాగితాల వెనకవైపు రాసిపెట్టుకుని మర్నాడు అర్థం కనుక్కునేది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక ఒక గంట, ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు. అంతకు మించి ఆడేది కాదు. బాపు గుడిలో హారతి ముగించుకుని వచ్చి పీట మీద కూర్చుంటూ అడిగేవాడు.

"గుర్రపాయన ఎక్కడిదాక వచ్చిండు?"

"కనుమ దాటిండు. రేపు వాగు."

"వానాకాలం గాదు గద అక్కడ? జాగ్రత్త."

బాపు వేళాకోళానికి అడిగేవాడు కాదు. నిజంగానే అడిగేవాడు. ఉగాదికి ముందు మొదలైన ఆ ప్రయాణం దసరా దాటాక ముగిసింది. ఆ రోజు చిన్నత్త పరమాన్నం వండింది. మూడు రోజులు టీవీ వైపు చూడలేదు. నాలుగో రోజు నన్ను అడిగింది, "గిసొంటియి ఇంకున్నయా?" అని.

ఆ తర్వాత ఏడాదికి ఒకటి. ఒక్కటే. ఆట బజారుకు వచ్చే రోజు ముందే తెలుసుకుని, ఆఫీసులో గంట పర్మిషన్ పెట్టి, టిఫిన్ సంచీతోనే చార్మినార్ వైపు వెళ్లే దారిలో ఒక సందు దుకాణానికి పోయేది. సెల్‌ఫోన్ కవర్లు, చార్జర్లు, వాటి వెనక అద్దాల అల్మారాలో గేమ్ సీడీలు. ఆ ఏడాదికి దసరా చీర మానేసేది. దుకాణం భాయ్ మంచివాడు. మొదటిసారి ఆమెను చూసి జాలిపడి, రెండు నెలలాగితే సగం ధరకే వస్తుందన్నాడు.

"మేడమ్, దో మహీనే రుక్ జావో. ఆధా రేట్ హో జాతా."

"దో మహీనే తక్ మై క్యా కర్తీ భాయ్?"

రెండు నెలల దాకా నేనేం చెయ్యాలని ఆమె మామూలుగానే అడిగింది. భాయ్ సీడీ తీసి ఇచ్చాడు. ఆ మరుసటి ఏడాది నుంచి పెట్టె విప్పగానే మొదటి సీడీ ఆమె కోసం పక్కన పెట్టేవాడు.

ఇంటికి తెచ్చి దేవుని గూట్లో పెట్టేది. పెట్టె మీద బొట్టు. మర్నాడు తలస్నానం చేశాకే విప్పేది. నేను నవ్వితే, "పుస్తకానికి పసుపు రాసినప్పుడు ఎవ్వరు నవ్వలే. దీనికేమైంది?" అనేది.

వినాయకుడి విషయంలోనూ ఆమెది అదే పద్ధతి. చవితి నాటి సాయంత్రానికి ధూల్‌పేటలో విగ్రహాల ధర సగానికి పడిపోతుందని ఊరందరికీ తెలుసు. మధ్యాహ్నం పూజ చేసుకోవాలి కాబట్టి సాయంత్రం దాకా కాకపోయినా, పదకొండు దాకా ఆగుదామని బాపు ప్రతి ఏడూ అనేవాడు. ఆమె ముందు రోజే పోయి, వరసగా నాలుగు షెడ్లు తిరిగి, ఒక్కో విగ్రహం కళ్లల్లోకి చూసి, నచ్చినదానికి చెప్పిన ధర ఇచ్చి తెచ్చేది.

"ఆగితె మిగిలిన దేవుడు దొరుకుతడు" అనేది.

"దేవునికి మిగులుడు ఉంటదానే?" అనేవాడు బాపు.

"దేవునికి ఉండదు. మనకుంటది. ఇంట్ల ఉన్నన్ని దినాలు వీడు మిగిలినోడు, మిగిలినోడు అని మనసుల పీకుతది."

రౌతు కథ రెండో భాగం వచ్చిన ఏడు నాకు బాగా గుర్తు. అందులో రౌతు ముసలివాడైపోయాడు, గుర్రమూ ముసలిదైంది. అదే ఏడు మా నాయనమ్మ, అంటే చిన్నత్త తల్లి, మంచాన పడింది. ఆమె మంచాన్ని మధ్య గదిలోనే వేశారు. చిన్నత్త ఒక చేత్తో ఆమెకు గంజి తాగించి, మూతి తుడిచి, మెటికలు విరుచుకుని ఆట మొదలుపెట్టేది. నాయనమ్మ పక్కకు తిరిగి చూసేది. మాట సరిగా వచ్చేది కాదు గానీ, గుర్రం కాలు జారితే మాత్రం నవ్వేది. నోట్లో పళ్లులేని ఆ నవ్వు కోసం చిన్నత్త గుర్రాన్ని కావాలనే జారుడు రాళ్ల మీదికి తీసుకుపోవడం నేను చూశాను. ఆట అయిపోయిన నెలలోనే నాయనమ్మ పోయింది.

ఈ పద్ధతిని చెడగొట్టింది నేను.

పెళ్లయ్యాక నేను ఊరికి ఆ చివరన ఫ్లాటుకు మారాను. ఆటలు సీడీల్లో రావడం తగ్గి ఆన్‌లైన్‌లో కొనడం మొదలైంది. చిన్నత్తకు కొత్త డబ్బా కొనిచ్చి అకౌంట్ తెరిచాను. నాకప్పటికే సేల్ పిచ్చి పట్టింది. వేసవి సేల్, దీపావళి సేల్, ఏమీ లేకపోతే వారాంతం సేల్. ధర మీద గీత కొట్టి పక్కన చిన్న ధర రాసి ఉంటే చేయి ఆగేది కాదు. ఒకరోజు ఆమె ముందు కూర్చుని చూపించాను.

"చూడు అత్తా, ఒక్క ఆట రేటుకు పదకొండు."

"పదకొండు ఎప్పుడు ఆడుత?"

"మెల్లగ ఆడుకో. ఎవరొద్దన్నరు? పైసలేమన్న చెట్లకు కాస్తున్నయా, ఫుల్ రేటు పెట్టి కొననీకి?"

ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. నాలుగు చీరలతో ఏడాది గడిపే మనిషి ఆమె. దుబారా చేస్తున్నావని ఆమెతో అన్నవాళ్లు ఎవరూ లేరు. మొహం చిన్నబుచ్చుకుని, "సరే, ఒత్తు" అంది. పదకొండూ కొన్నాను.

మొదట్లో సంతోషంగానే ఉండేది. ఆఫీసు నుంచి ఫోన్ చేసి చెప్పేది, "పన్నెండు వందలది నూటయాభైకి పెట్టిండ్రు, ఇడిసిపెట్టుకోకు" అని. ఏ సేల్ ఎప్పుడొస్తుందో నాకంటే ముందు ఆమెకు తెలిసేది. నేనేదన్నా కొనబోతే, "ఇప్పుడొద్దు, పండుగకు ఇంక తగ్గుతది" అని ఆపేది. నేను గర్వపడ్డాను. రెండేళ్లు గడిచాయి. ఒక ఆదివారం శాలిబండ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. తెర మీద ఆటల బొమ్మలు వరసలు వరసలుగా ఉన్నాయి, కిందికి జరిపేకొద్దీ వస్తూనే ఉన్నాయి. ఒకటి తెరిచింది. పదినిమిషాలు చూసింది. "ఇది గాదు" అని మూసేసింది. ఇంకొకటి తెరిచింది. అందులో ఒకడు ఎడారిలో నడుస్తున్నాడు. బాపు గుడి నుంచి వచ్చి తెర వైపు చూశాడు.

"ఎవరీయన?"

"తెల్వదు" అంది చిన్నత్త.

బాపు మరేం అడగకుండా కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. తర్వాత అమ్మ చెప్పింది, ఆయన అడగడం మానేసి చాలా రోజులైందని.

"ఏంది అత్తా, ఒక్కటి గూడ మంచిగ లేదా?" అన్నాను.

"అన్ని మంచిగనే ఉన్నయ్. చీరల దుకాణంల కూసున్నట్టున్నది. విప్పి చూసుడే గని కట్టుకునుడు లేదు."

అప్పుడే, వరసలు జరుపుతుంటే, రౌతు కథ రెండో భాగం కనబడింది. ధర మీద గీత, పక్కన కొత్త ధర. రెండు ప్లేట్ల మిర్చీ బజ్జీలు వస్తాయి ఆ డబ్బుతో. చిన్నత్త వేలు ఆగింది. చాలాసేపు చూసింది.

"దీనికి ఏమైంది?"

"ఏం గాలే. పాతదైంది, తగ్గించిన్రు."

"అప్పుడు నేను ఎక్కువ ఇచ్చిన్నా, ఇప్పుడు వీళ్లు తక్కువ అడుగుతున్నరా?"

నేను నవ్వాను. "నువ్వు ఆగుంటె గింతకే వస్తుండె అత్తా."

ఆమె నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ మొహంలో. లెక్క తప్పిన పిల్లవాణ్ణి చూసినట్టు చూసింది.

"ఆగితె అమ్మ చూస్తుండెనా?"

ఆమే మళ్లీ అంది, "పోనీ తియ్. తగ్గితెనే గద లేనోళ్లకు అందుతది. ఎవలో కొత్తోళ్లు ఆడుకుంటరు, మంచిదే." అని టీవీ కట్టేసి లోపలికి వెళ్లింది. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. కాని ఆ తర్వాత ఆమె ఆడలేదు. డబ్బా మీద చేతితో కుట్టిన గుడ్డ ఒకటి కప్పింది. సేల్ గురించి ఫోన్లు రావడం ఆగిపోయింది. నేను అడిగితే, "చూపు ఆనుతలేదు రా" అనేది. అదే చూపుతో రోజూ ఆఫీసులో ముప్పై కాగితాలు కొట్టేది.

రెండేళ్ల తర్వాత గుండె బలహీనపడింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఉద్యోగం మానేసి ఇంట్లోనే ఉంది. ఆ శ్రావణంలో ఒకరోజు ఫోన్ చేసింది. అదీ ఇదీ మాట్లాడి, పెట్టేసే ముందు అడిగింది.

"రౌతుది మూడోది వస్తున్నదట గద?"

"ఔ అత్తా. ఆయన బిడ్డ కథ అంట ఈసారి. వచ్చే నెల."

"ఎంతట?"

చెప్పాను. "ఇప్పుడొద్దులే. దీపావళి సేల్‌ల సగం అయితది. అప్పుడు నేనే కొనిస్త. రెండు నెలలే గద."

"సరే తియ్" అంది.

నేను పిసినారిని కాను. ఆమె మందులకు, డాక్టర్లకు ఎంతైందో ఏనాడూ చూడలేదు. ఆటను ఫుల్ రేటుకు కొనడమన్నది నా బుర్రలోకే రాలేదు, అంతే. ఇన్నేళ్లలో ఆ దారి మూసుకుపోయింది. ఫోన్ పెట్టాక నాకు ఏ బాధా కలగలేదు. పండుగకు మంచి కానుక కుదిరిందనుకున్నాను.

దీపావళి నాడు పొద్దున్నే సేల్ మొదలైంది. నా ఫోన్‌లోనే కొనేసి, స్వీట్ల డబ్బా పట్టుకుని మధ్యాహ్నానికి శాలిబండ చేరాను. గుమ్మంలోనే మెటికల చప్పుడు వినబడింది.

మధ్య గదిలో ఆమె మంచం. వీపుకు మూడు దిండ్లు. చాలా చిక్కిపోయింది, చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. తెర మీద ఒక పెద్ద నది. ఒకమ్మాయి పడవలో ఉత్తరాల సంచీ పెట్టుకుని తెడ్డు వేస్తోంది. సీడీ పెట్టె దేవుని గూట్లో ఉంది, బొట్టుతో.

నేను బాపు వైపు చూశాను. ఆయన మెల్లగా చెప్పాడు. ఆట వచ్చిన రోజు ఆమె ఆటో పిలిపించుకుందట. వద్దన్నా వినలేదట. బాపు వెంట వెళ్లాడు. దుకాణానికి నాలుగు మెట్లున్నాయి, ఎక్కలేక ఆటోలోనే కూర్చుందట. భాయ్ చూసి తనే సీడీ పట్టుకుని రోడ్డు మీదికి వచ్చాడట.

"ఆయన గూడ చెప్పిండు రా, రెండు నెలలు ఆగుమని" అన్నాడు బాపు. "వాళ్లిద్దరు నవ్వుకున్నరు. ఎందుకో నాకు తెల్వలే."

నేను మంచం పక్కన కూర్చున్నాను. "అత్తా, నేను తెస్తనంటి గద. ఇయ్యాల సగానికే వచ్చింది. కొన్న గూడ."

"మంచి పని జేసినవ్. నీది నువ్వు ఆడుకో."

"నేను నీకోసమే కొన్న."

"నాకు ఉన్నది గద రా" అంది తెర మీంచి చూపు తిప్పకుండా. "సగం నది దాటిన. నడుమ ఒక ఊరున్నది, అన్ని ఇండ్లు నీళ్ల మీదనే. ఒకామెకు కొడుకు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, చదువుకుంట చదువుకుంట ఏడ్సింది. బాపు గూడ చూసిండు. కాదా అన్నా?"

"ఔ, పాపం" అన్నాడు బాపు.

ఆ ఆటను ఆమె పుష్యమాసంలో పూర్తి చేసిందట. పరమాన్నం వండే ఓపిక లేక అమ్మతో వండించిందట. మాఘంలో పోయింది.

క్యాంటీన్‌లో అందరూ నవ్విన రోజు ఇంటికి వెళ్లి, దీపావళికి నేను కొన్న అదే ఆటను మొదటిసారి తెరిచాను. అన్నాళ్లూ అది ఇంకో మూడు వందల ఆటల మధ్య పడి ఉంది. పడవ కదిలింది. బాగుంది. అందులో చిన్నత్త కనబడుతుందని నేననుకోలేదు, కనబడలేదు కూడా. తెడ్డు వేస్తూ ఒక పిచ్చి ఆలోచన వచ్చింది, ఆమె ఇచ్చినంతా ఇచ్చి ఇప్పుడు ఇంకోసారి కొంటే ఎలా ఉంటుందని. ఫోన్ తీసి చూశాను. ఆ ధర ఎక్కడా లేదు. నేను ఇస్తానన్నా తీసుకునేవాళ్లు లేరు. ఆ ఒక్క భాద్రపద ఆశ్వయుజాల్లోనే ఉండింది ఆ ధర, నేనప్పుడు ఆగుమన్నాను.

ఇప్పుడు నాకు తిరిగి కావాలనిపించేది ఆ దీపావళి మధ్యాహ్నమే.

భోజనాలయ్యాక అమ్మ, బాపు నడుం వాల్చారు. వీధిలో పిల్లలు పొద్దుగుంకక ముందే టపాసులు మొదలుపెట్టారు. నేను మంచం పక్కనే కూర్చుని చూస్తున్నాను. ఆడుతూ ఆడుతూ చిన్నత్త చేయి ఆగింది. కళ్లు మూతపడ్డాయి. కంట్రోలర్ పొట్ట మీదే ఉంది. తెర మీద పడవ ఒడ్డు పక్కన నిలిచిపోయింది. ఆపేద్దామని చేయి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాను. ఆటలో ఎండ వాలింది. అమ్మాయి తెడ్డు ఒళ్లో పెట్టుకుని, శాలువా కప్పుకుని కూర్చుంది. నీళ్ల మీద కొంగలు వాలి లేచిపోయాయి. చీకటి పడింది, చుక్కలు వచ్చాయి, దూరాన ఏదో ఊళ్లో దీపాలు వెలిగి ఆరిపోయాయి. తర్వాత నది పైన మెల్లగా తెల్లవారింది. ఏ ఆట ముందూ నేనంతసేపు అలా కూర్చోలేదు. చిన్నత్త ఊపిరి కొంచెం గరగరమంటూ వస్తూ పోతూ ఉంది.

కళ్లు తెరిచి, తెర వైపు, నా వైపు చూసింది.

"ఎంతసేపైంది?"

"గంట దాటింది. ఆటల ఒక రాత్రి పోయింది."

"లేపరాదు మరి?"

"నిద్రవట్టింది గద అని ఊకున్న."

"ఆ పిల్ల రాత్రంత మేలుకొని కూసున్నది" అంది. దిండ్ల మీద కొంచెం పైకి జరగబోతే సాయం పట్టాను. కళ్లద్దాలు సర్దుకుని, కంట్రోలర్ చేతిలోకి తీసుకుంది.

"పా బిడ్డా" అంది తెర మీది అమ్మాయితో. "ఇంక మస్తు దూరమున్నది."